మనసును గూర్చిన మొదటి పాఠము



క్రిందటి సంక్రాంతికి నా మనుమరాలు సెలవులకు ఇంటికి వచ్చినది. కళాశాలలో ఆమె క్రొత్తగా చదువుచున్న శాస్త్రమునకు ఆంగ్లమున కాగ్నిటివ్ సైన్సని పేరు. తెలుగున సంజ్ఞాన శాస్త్రమందురు. చూచుట, వినుట, జ్ఞప్తియందుంచుకొనుట, ఆలోచించుట, మాటాడుట అను పనులను మనసు ఏ రీతిని చేయుచున్నదో ప్రయోగములచే విచారించు శాస్త్రమిది. ఒకనాటి సాయంకాలము ఆమె నాయొద్ద అరుగుమీద కూర్చుండి, "తాతయ్యా, నేను కొన్ని అంకెలు చదివెదను. అదే వరుసలో తిరిగి చెప్పగలరా?" అని అడిగెను.

అయిదంకెలు చెప్పితిని. ఆరు, ఏడు కూడ చెప్పితిని. ఎనిమిదింటికి తడబడితిని. తొమ్మిదింటికి బొత్తిగా ఓడితిని. బాల్యమున అమరకోశము మూడు కాండములును కంఠస్థము చేసినవాడను. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. తొమ్మిదంకెలు నిలుపుకొనలేకపోతినని చిన్నబోయి, వార్ధక్యమువలన గాబోలు ననుకొంటిని.

ఆమె నవ్వి, తమ తరగతిలో మొదటి దినముననే ఉపాధ్యాయుడు అందరిచేతను ఈ పరీక్ష చేయించెననియు, గొప్ప మార్కులతో వచ్చినవారు సయితము ఏడెనిమిదింటికడనే ఆగిపోయిరనియు చెప్పెను. "ఆ దినమున ఎవరికి వారము సిగ్గుపడితిమి. అది మాలో ఏ యొక్కరి లోపమును కాదు, మనుష్యుని మనసునకే గల హద్దు అని మరునాటికి గాని మాకు తెలియలేదు" అనెను.

ఆ మాట నన్ను వదలలేదు. ఆమె పుస్తకములను తీసికొని ఈ శాస్త్రముయొక్క చరిత్రను చదివితిని. దేశములు మారినను, కాలము మారినను, ఇందు మొదటి పాఠమొక్కటియే యని నాకు తోచినది. శిష్యుడు తన మనసునే పరీక్షకు పెట్టి, అది తాననుకొన్నట్టిది కాదని తెలిసికొనుటయే ఆ పాఠము.

1879లో జర్మనీదేశమున లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున విల్‌హెల్మ్ వుంట్ అను ఆచార్యుడు మనశ్శాస్త్రమునకు ప్రయోగశాల నెలకొల్పెను. అక్కడ శిష్యులు ఒకరినొకరు పరీక్షించుకొనుచుండిరి. నేడు పరీక్షించినవాడు రేపు పరీక్షకు కూర్చుండెడివాడు. ఆ శిష్యులలో అమెరికాదేశీయుడైన జేమ్స్ మెకీన్ కాటెల్ అనునతడు చదువుటకు పట్టు కాలమును కొలిచి, ఎఱిగిన చిన్నమాటను చదువుటకు ఒంటి అక్షరమును చదువుటకంటె ఎక్కువ కాలము పట్టదని 1886లో తెలిపెను. మనసు అక్షరములను విడివిడిగాక ఒక మూటగా గ్రహించుననుటకు ఇదొక గురుతు.

ఆ కాలముననే హెర్మన్ ఎబింగ్‌హౌస్ అను పండితుడు తానే గురువై, తానే శిష్యుడై, అర్థములేని శబ్దములు సుమారు 2300 కూర్చుకొని వానిని వల్లెవేసెను. నేర్చినదానిలో ఒక గంటకే సగమునకు పైగా జారిపోవుననియు, అటుపిమ్మట మఱపు నెమ్మదించుననియు, నెల గడచినను అయిదవవంతు మిగులుననియు, తిరిగి నేర్చునపుడు కలిసివచ్చిన శ్రమనుబట్టి లెక్కించి 1885లో ప్రకటించెను.

మన దేశమునకు ఈ విద్య త్వరలోనే వచ్చినది. హార్వర్డులో చదివి వచ్చిన నరేంద్రనాథ సేన్‌గుప్తా ఆధ్వర్యమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్ర శాఖ ఆరంభమైనది. 1924లో మైసూరున ఎం. వి. గోపాలస్వామి అట్టి శాఖను నడుప నారంభించెను. ఆయనయే 1935లో తన యింట ఒక చిన్న రేడియో కేంద్రమును నెలకొల్పెను. దాని పేరు ఆకాశవాణి! కావున మనసును గూర్చి రేడియోలో మాటాడుట నేడు క్రొత్తగా పుట్టిన వింత కాదు.

అమెరికాలో మాత్రము 1913లో జాన్ వాట్సన్ అను నాతడు, కంటికి కనబడు నడవడియే శాస్త్రమునకు విషయము గాని, కనబడని మనసు కాదని వాదించెను. ఆ వాదము నాలుగు దశాబ్దములు ప్రబలియుండెను. 1956 సెప్టెంబరు 11వ తేదీన మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో జరిగిన సభలో తర్కసిద్ధాంతములను గణనయంత్రముచే నిరూపింపజేసిన అల్లెన్ న్యూయెల్, హెర్బర్ట్ సైమనులును, భాషావ్యాకరణమును గూర్చి నోమ్ చామ్‌స్కీయు, జ్ఞాపకమును గూర్చి జార్జ్ మిల్లరును ఉపన్యసించిరి. వేఱువేఱు శాస్త్రములవారు ఒకే బావిని త్రవ్వుచున్నారని ఆనాడు తెలిసినది. ఆ దినమునే సంజ్ఞాన శాస్త్రముయొక్క జన్మదినముగా మిల్లరు తరువాత పేర్కొనెను. 1982లో అమెరికాలోని వాసర్ కళాశాల ఈ శాస్త్రమున పట్టమిచ్చుట ఆరంభించెను. మన అలహాబాదు విశ్వవిద్యాలయమున 2002లో దీనికొక కేంద్రము వెలసినది.

నన్ను ఓడించిన ఏడంకెల లెక్క ఆ మిల్లరుదే. మనసు ఒక్కమాఱు పట్టగలది ఏడు, అంతకు రెండు అటునిటు అని ఆయన 1956లో వ్రాసెను. గట్టిగా కొలిచిన నాలుగే యని 2001లో నెల్సన్ కొవన్ అను నాతడు వాదించెను. అయినను మిల్లరు చెప్పిన అసలు సంగతి వేఱు: మనసు లెక్కించునది అంకెలను గాదు, మూటలను. మూట పెద్దదైనకొలది మోయగల సరకు పెరుగును.

దీనికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థి సాక్షి. అతడు మొదట మనవలెనే ఏడంకెలు చెప్పెడివాడు. సుమారు 230 గంటల అభ్యాసముచే 79 అంకెలు చెప్పగలవాడయ్యెను. అతడు పరుగుపందెములవాడు, విన్న అంకెలను పందెములలోని నిమిషములుగా, సెకండులుగా మూటగట్టుకొనెను. అంకెలకు మారుగా అక్షరములిచ్చినంతనే ఇంచుమించు ఆరింటికి దిగిపోయెను! 1980లో ఈ సంగతి ప్రకటితమైనది. నా అమరకోశ రహస్యమును ఇదియే గదా! శ్లోకము మూట; ఛందస్సు త్రాడు. మన పూర్వులు హద్దును చెరపలేదు, మూట గట్టుట నేర్పిరి.

మరియొక ప్రయోగము. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ అను హార్వర్డు పండితులు, కొందఱు బంతులు విసరుకొనుచున్న చిత్రమును చూపి, తెల్లబట్టలవారు ఎన్నిమాఱులు విసరిరో లెక్కింపుమనిరి. నడుమ గొరిల్లా వేషము వేసినవారొకరు వచ్చి, గుండెలు బాదుకొని పోయిరి. చూచినవారిలో సుమారు సగముమందికి గొరిల్లా కనబడనేలేదు. మనుమరాలి తరగతిలోను అట్లే జరిగినదట. "చూడనివారు చిత్రమును మార్చితిరని గురువుతో పోట్లాడిరి" అని ఆమె చెప్పెను.

ఇది విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా తరగతిలో ఒక గొఱ్ఱెలకాపరి కుమారుడుండెను. నోటిలెక్కలు చెప్పునపుడు నేను నాలుగైదు సంఖ్యలను ఒక్క గుక్కలో చదివి, కూడి తీసివేసి చెప్పుమనెడివాడను. వాడు నడుమనే తప్పిపోయెడివాడు. శ్రద్ధ లేదని తిట్టితిని. ఎన్నోమాఱులు గోడకుర్చీ వేయించితిని. ఒకనాడు వాడు బడి మానెను. కొంతకాలమునకు, సందెవేళ వాడు దొడ్డివాకిట నిలిచి, లోనికి దూరుచున్న గొఱ్ఱెలను అయిదేసిగా కట్టగట్టి తప్పక లెక్కించుట చూచితిని. మూటగట్టు విద్య వానికి వచ్చును. నేను వానికి మూటగట్టుకొన తీరిక నీయలేదు. వాని తప్పులను లెక్కించుచు వానిని చూడకపోతిని. వాడు మరల బడికి రాలేదు. ఆ లోటును నేనిప్పుడు తీర్చలేను.

పెద్దలారా, మీ యిండ్లలో పిల్లలున్నారు. నాలుగు పనులు ఒక్కమాటుగా చెప్పి, ఒకటి మఱచినంతనే మొద్దని యనకుడు. పాఠమును చిన్న మూటలుగా ఇండు. మరునాడొకమాఱు, వారమునకొకమాఱు మరల అడుగుడు. ఏడంకెలు చెప్పినవాడు తెలివిగలవాడని, అయిదే చెప్పినవాడు కాడని క్రొత్త తూనికను సయితము కట్టకుడు. ఆ కళాశాల పిల్లలు మొదటి దినమున నేర్చినది నేను ఉద్యోగము విడిచిన తరువాత నేర్చితిని. మీరు నాకంటె ముందు నేర్చుకొందురు గాక.