మట్టి సున్నంలో ప్రాచీన వర్షపాతం

నేలపొరల్లో గడ్డకట్టిన సున్నంలోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఒకే మూలకపు రూపాల) పాళ్లను కొలిచి, లక్షల, కోట్ల ఏళ్ల కిందటి వానల తీరును, శీతోష్ణస్థితిని అంచనా వేసే విధానం ఇది. నల్లరేగడి చేలో దున్నినప్పుడు పైకి తేలే తెల్లటి గడ్డలు ఈ కోవకు చెందినవే. ఒకప్పుడు వాటిని బట్టీల్లో కాల్చి గోడలకు సున్నం తయారు చేసేవారు.

సూత్రం

మట్టిలోకి ఇంకిన వాన నీటిలో కాల్షియం కరిగి ఉంటుంది. నేల ఆరేకొద్దీ అది సున్నంగా పేరుకుంటుంది. వానలు మరీ ఎక్కువైన చోట సున్నం కొట్టుకుపోతుంది కనుక ఈ గడ్డలు ఎక్కువగా మెట్ట ప్రాంతాల్లో, తడి, పొడి కాలాలు మారిమారి వచ్చే నేలల్లో కనిపిస్తాయి. అవి గట్టిపడేటప్పుడు నాటి నేలనీటి ఆక్సిజన్ వాటిలో నిలిచిపోతుంది. ప్రకృతిలోని ఆక్సిజన్‌లో 99.76 శాతం ఆక్సిజన్-16, సుమారు 0.2 శాతం బరువైన ఆక్సిజన్-18. మేఘం కురుస్తుంటే బరువైనది ముందు రాలుతుంది. అందుకే ఉష్ణమండలంలో భారీ వానల నీటిలో దాని పాలు తక్కువ. నేలనుంచి నీరు ఆవిరైతే ఆ పాలు పెరుగుతుంది.

ప్రయోగశాలలో గడ్డను కోసి, పగుళ్లలో తర్వాతి కాలంలో చేరిన స్ఫటికాలను వదిలి, సన్నటి డ్రిల్‌తో కాస్త పొడి తీస్తారు. దానిపై ఫాస్ఫారిక్ ఆమ్లం పోస్తే వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఐసోటోపుల పాళ్లను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు.

చరిత్ర

1947లో హెరాల్డ్ యూరీ ప్రచురించిన ఐసోటోపుల సిద్ధాంతం దీనికి పునాది. వాన నీటి ఐసోటోపులకు ఉష్ణోగ్రతతో, వర్షపాతంతో ఉన్న సంబంధాన్ని 1964లో విల్లీ డాన్స్‌గార్డ్ వివరించారు. నేటి నేలల సున్నానికి, అక్కడి వాతావరణానికి ఉన్న లంకెను థూర్ సెర్లింగ్ 1984లో చూపారు. 1989లో జే క్వేడ్, సెర్లింగ్, బౌమన్ పాకిస్తాన్‌లోని శివాలిక్ నేలపొరల సున్నాన్ని పరిశీలించి, సుమారు 70 లక్షల ఏళ్ల కిందట వృక్షజాలంలో వచ్చిన పెద్ద మార్పును ఆసియా రుతుపవనాలతో ముడిపెట్టారు. ప్రొసెన్‌జిత్ ఘోష్, ఎస్.కె. భట్టాచార్య, జానీ 1995లో మధ్య భారతంలోని క్రెటేషియస్ కాలపు నేలలపై ఇదే పద్ధతిని ప్రయోగించారు.

తెలుగు నేలపై

ప్రాణహిత–గోదావరి లోయలోని మలేరి ఎర్రమట్టి పొరల వయసు 20 కోట్ల ఏళ్లకు పైమాటే. వాటిలో సున్నపు గడ్డలు, ఊపిరితిత్తుల చేపల పళ్లు, సరీసృపాల ఎముకలు దొరుకుతాయి. కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహలో పెరిగిన సున్నపు నిక్షేపం మట్టి గడ్డకు దగ్గరి చుట్టమే. గత మంచుయుగం ముగుస్తున్న దశలో సుమారు వెయ్యేళ్ల రుతుపవనాల హెచ్చుతగ్గులను దానినుంచి రాబట్టిన అధ్యయనం 2014లో వెలువడింది.

పరిమితి

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సున్నంలో ఆక్సిజన్-18 వెయ్యికి సుమారు 0.2 పాళ్లు తగ్గుతుంది. వాన, వేడి, ఆవిరి మూడింటి ప్రభావమూ ఒకే అంకెలో కలిసి ఉంటుంది. కనుక దాన్ని నేరుగా మిల్లీమీటర్ల వర్షంగా మార్చడం కుదరదు. కార్బన్ ఐసోటోపులు, మట్టి ఖనిజాలు, శిలాజాలు చెప్పేదానితో సరిపోల్చినప్పుడే సున్నపు గడ్డ ఇచ్చే సాక్ష్యం నిలబడుతుంది.