గది దాటని దస్తావేజు: ఉప్పల్, నాచారం ప్రాంతాల స్థిరాస్తి నమోదు – 'కార్డ్' వ్యవస్థ

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ కంప్యూటరీకరణ చరిత్రను సాధారణంగా 1998 నవంబరు 4తో ప్రారంభిస్తారు. ఆనాడు 214 సబ్-రిజిస్ట్రారు కార్యాలయాల్లో 'కార్డ్' వ్యవస్థ అమలులోకి వచ్చింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సాఫ్ట్‌వేరును రూపొందించింది, ఐ.ఎ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ ప్రణాళికకు సారథ్యం వహించారు. అయితే కార్యాలయానికి కంప్యూటరు రావడం వేరు, అందులోని సమాచారం మరొక చోటికి అందడం వేరు. హైదరాబాదు తూర్పు శివారులోని ఉప్పల్, నాచారం ప్రాంతాల స్థిరాస్తులను పరిశీలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 28వ సెక్షను ప్రకారం, ఆస్తి ఏ సబ్-రిజిస్ట్రారు పరిధిలో ఉందో అక్కడే దస్తావేజు నమోదు కావాలి. స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి; పేర్లకు, ఆస్తులకు విడివిడిగా సూచికలు ఉంటాయి. ప్రజలు 'ఈసీ' అని పిలిచే ధ్రువపత్రం కావాలంటే గుమాస్తా ఈ సూచికలను ఏడాది తరువాత ఏడాదిగా తిరగవేయాల్సి వచ్చేది. 1969లోనే టీడీసీ-12 కంప్యూటరును తయారుచేసిన ఈసీఐఎల్ నాచారానికి పొరుగునే ఉంది. అయినా నాచారం స్థలాల నకళ్లు మరో మూడు దశాబ్దాలు చేతిరాతలోనే సాగడం గమనార్హం.

'కార్డ్' ఈ రాతపనిని మార్చింది గాని, దాని భూగోళాన్ని మార్చలేదు. ప్రతి కార్యాలయానికి సొంత సర్వరు, సొంత డేటాబేసు; కౌంటర్లలోని కంప్యూటర్లు అదే భవనంలో కేబుళ్లతో దానికి అనుసంధానమయ్యేవి. దీనిని కేవలం నాటి సాంకేతిక వెనుకబాటుగా భావించడం సరికాదు. కార్యాలయమే ప్రమాణమన్న 1908 చట్టపు తర్కం సాఫ్ట్‌వేరులోనూ యథాతథంగా నిలిచింది.

డేటా పక్కనే ఉందన్న నమ్మకంతో నిర్మించిన అప్లికేషను దూరానికి తేలికగా లొంగదు. ఒక్క శోధనకు సర్వరుతో పలుమార్లు సంభాషించాలి. మందకొడి లైను మీద ప్రతి సంభాషణకూ నిరీక్షణ తప్పదు, మధ్యలో లైను తెగితే నమోదు సగంలో నిలుస్తుంది. దీనికి ప్రధానంగా మూడు మార్గాలు కనిపిస్తాయి: డేటా నకలును ఎప్పటికప్పుడు కేంద్రానికి పంపడం, అప్లికేషనును సర్వరు వద్దనే నడిపి తెర దృశ్యాన్ని మాత్రమే దూరానికి చేర్చడం, లేదా అంతటినీ కేంద్ర సర్వరు మీద కొత్తగా నిర్మించడం. రిజిస్ట్రేషన్ల శాఖ చివరకు కేంద్రీకృత వ్యవస్థకే చేరింది. నాచారం ఇంటి ఈసీని ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచైనా చూడగలగడం దాని ఫలితమే. 1998 నాటి ఘనతను మాత్రం జాగ్రత్తగా అంచనా వేయాలి. 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేస్లీ ప్రచురించిన వ్యాసం 'కార్డ్' ప్రచారానికి, కార్యాలయ వాస్తవానికి మధ్య గల అంతరాన్ని విమర్శించింది.

ఆన్‌లైను శోధన 1983 నుంచే మొదలవుతుంది. అంతకు పూర్వపు లావాదేవీలకు నేటికీ కార్యాలయాన్నే ఆశ్రయించాలి. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు అప్పటికే వెలిశాయి. కాబట్టి ఇక్కడి అనేక లింకు దస్తావేజుల మూలాలు తెర మీద కనిపించని కాలంలోనే ఉన్నాయి.

1983 తరువాతి కాలానికీ చిక్కులున్నాయి. నాచారం ఉప్పల్ మండలంలోని గ్రామం. హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కాప్రా సర్కిల్ వార్డుగా ఉండేది. 2016 అక్టోబరు 11న ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు మారింది. ఒకే స్థలం పాత దస్తావేజులో సర్వే నంబరుతోను, తరువాతి దానిలో ప్లాటు నంబరుతోను, ఆపై ఇంటి నంబరుతోను నమోదై ఉండవచ్చు. ఇంటి నంబరుతో మాత్రమే వెదికినవారికి సర్వే నంబరు కింద ఉన్న తనఖా కనిపించకపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులైన దస్తావేజు లేఖరులు ఈ వివరాలన్నింటితో విడివిడిగా ఈసీలు తీయించి, పాత పత్రాల హద్దులతో పోల్చి చూస్తారు.