గొంతుకు గుత్త

1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి రాబర్ట్ ఆడమ్స్, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటుకు కాస్త పడమరనున్న ఒక చిన్న రేవుకు ఉత్తరం రాశాడు. తెల్లవాళ్లు ‘పెట్టపోలి’ అని రాసుకున్న ఆ రేవు ఇప్పటి నిజాంపట్నం. ఉత్తరం అందుకోవలసినవాడు అక్కడి వర్తకుడు థామస్ కాలీ. మీరంతా ఒకే ఇంట్లో సఖ్యంగా ఉంటారనీ, పంచ్ తాగేటప్పుడు రేషను లెక్క చూసుకోరనీ ఆశిస్తున్నానని అందులో ఒక మాట ఉంది. ‘పంచ్’ అనే పానీయం పేరు ఇంగ్లిషులో రాతకెక్కిన తొలి సందర్భాల్లో దీన్నే ముందు చెబుతారు. సారా, నిమ్మరసం, పంచదార, నీళ్లు, మసాలా కలిపి మొత్తం ఐదు సరుకులు. అందుకే ఆ పేరు మన ‘పంచ’ నుంచే పుట్టిందని చాలామంది నమ్మకం. ఆ తగువు భాషావేత్తలకు వదిలేయవచ్చు. ఉత్తరంలో అసలు రుచి ‘రేషను లేకుండా’ అన్న దగ్గరే ఉంది.

ఆ మాటనే ఇప్పుడు విహార నౌకల కంపెనీలు రోజుకు ఇంత అని ధర కట్టి అమ్ముతున్నాయి. ఓడ ఎక్కకముందే ఒక మొత్తం కట్టేస్తే, ఎక్కాక ఎన్ని గ్లాసులు తాగినా బిల్లు రాదు. కృష్ణా జిల్లా పామర్రు, గుడివాడ, మొవ్వ ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు గాల్వెస్టన్‌లోనో మయామీలోనో ఓడ ఎక్కేముందు ఈ లెక్క దగ్గర ఆగుతారు. 2022 జూన్‌లో కార్డీలియా నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు తిరగడం మొదలుపెట్టాక, ఈ ‘ప్యాకేజీ’ మాట ఇక్కడి ఇళ్లలోనూ వినబడింది. అందరిదీ ఒకటే ప్రశ్న: గిట్టుబాటవుతుందా?

లెక్క కష్టమైనదేం కాదు. ఉదాహరణకు ప్యాకేజీ రోజుకు 80 డాలర్లు, దాని మీద 18 శాతం సేవా రుసుము అనుకుంటే 94 డాలర్ల పైమాటే. విడిగా కొంటే కాక్‌టెయిల్ 14 డాలర్లు, అదే రుసుముతో పదహారున్నర. అంటే రోజుకు ఆరు తాగితే గాని కట్టిన డబ్బు వెనక్కి రాదు. ఓడ రేవులో ఆగిన రోజు పగలంతా ఊరు చూడ్డానికి పోతుంది కాబట్టి, ఆ ఆరూ సాయంత్రమే పూర్తి చేయాలి. ఇక్కడే ఇంకో ముడి ఉంది. చాలా పెద్ద కంపెనీలు ఒక గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే, ఆ గదిలోని పెద్దలందరూ కొనాలంటాయి. ఒకరు కొని ఇద్దరు తాగకుండా పెట్టిన కట్టుబాటు ఇది. భర్త తాగి, భార్య ముట్టని తెలుగు జంట ఒకే గదిలో దిగితే ఆరు కాస్తా పన్నెండు అవుతుంది. ఆ పన్నెండూ ఒక్కడి కోటాలో పడతాయి. కార్నివాల్ కంపెనీ అయితే ‘ఎంతైనా’ అంటూనే రోజుకు పదిహేను మద్యం గ్లాసుల దగ్గర గీత గీసింది.

ఇలాంటి బేరానికి తెలుగులో చక్కటి పాత మాట ఉంది: గుత్త. కొలత లేకుండా, మొత్తానికి ఇంత అని ముందే మాట్లాడుకోవడం గుత్త. మామిడి తోట కాపును పూత మీద గుత్తకిస్తారు, చెరువులో చేపను గుత్తకిస్తారు, కోతను గుత్తకు ఒప్పుకుంటారు. కాపు బాగా వస్తే గుత్తేదారుకు లాభం, గాలివాన వస్తే తోటయజమాని నవ్వుకుంటాడు. ఇద్దరూ రేపటి సరుకు ఎంతో ఈరోజే ఊహించాలి. ఓడలో అమ్మేది కూడా గొంతుకు గుత్తే. తేడా ఒక్కటే: పూత చూసి కాపు చెప్పగల మనిషి, తన గొంతు వారం రోజుల్లో ఎంత దింపుతుందో మాత్రం సాధారణంగా ఎక్కువే చెబుతాడు.

ఓడకూ ఈ గుత్తకూ చుట్టరికం కొత్తదేం కాదు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ మీద ఇంగ్లిషువాళ్లు పెట్టపోలికీ, మచిలీపట్నానికీ వచ్చిన రోజుల్లో నావికుడి తాగుడు జీతంతో పాటు వచ్చే హక్కు. పీపాల్లో నీళ్లు పాచి పట్టేవి, బీరు కొంచెం ఎక్కువ కాలం నిలిచేది. బ్రిటిష్ నౌకాదళంలో రోజుకు మనిషికి గాలన్ బీరు లెక్క. వేడి సముద్రాలకు వచ్చేసరికి బీరు కూడా పులిసిపోయేది. పశ్చిమాన రమ్ము, ఈ తూర్పు సముద్రాల్లో సారా దాని చోటు తీసుకున్నాయి. చిక్కటి రమ్ము ఒక్క గుక్కలో దించి నావికులు ఆరోగ్యం, బుద్ధి పాడుచేసుకుంటున్నారని 1740లో అడ్మిరల్ వెర్నన్ అందులో నీళ్లు కలిపించాడు. 1850లో కోటాను బాగా తగ్గించారు. తాగని నావికుడి పేరు ఎదుట పుస్తకంలో వేరే గుర్తు వేసి, రోజుకు మూడు పెన్నీలు చేతికిచ్చేవారు. 1970 జులై 31న ఆ కోటా పూర్తిగా ఆగిపోయింది. ఈనాటి విహార నౌకలతో పోలిస్తే ఆ నౌకాదళమే నయమనిపిస్తుంది. అక్కడ తాగనివాడికి డబ్బు తిరిగొచ్చేది, ఇక్కడ తాగనివాడి చేత కూడా కట్టిస్తున్నారు.

నేల మీద గుత్త కథ ఇంతకంటే చిక్కనిది, ముఖ్యంగా తాటిచెట్టు ఉన్న చోట.

పామర్రు నుంచి బందరు వైపో, కూచిపూడి వైపో వెళ్తుంటే చేల గట్ల మీద తాళ్లు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. పోతుతాడు, పెంటితాడు రెండూ గీతకు పనికొస్తాయి. గీత కార్మికుడు మోకు, ముస్తాదులతో ఎక్కి, గెలను కత్తితో పలచగా చెక్కి, కింద లొట్టి కడతాడు. లొట్టికి లోపల సున్నం పూస్తే దిగేది తియ్యటి నీరా. పూయకపోతే గాల్లోని ఈస్టు పని మొదలుపెట్టి కొన్ని గంటల్లోనే కల్లు చేస్తుంది. పొద్దున దించింది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసి నోట పెట్టలేని స్థితికి వస్తుంది. రమ్మును పీపాలో దాచవచ్చు, కల్లును దాచలేరు. అమ్మితే ఆ పూటే అమ్మాలి.

సర్కారు ఈ చెట్టు మీద రెండు రకాల గుత్త పెట్టింది. 1886 మద్రాసు అబ్కారీ చట్టం కింద స్థిరపడిన పద్ధతిలో గీసే ప్రతి చెట్టుకూ పన్ను, అమ్మే ప్రతి దుకాణానికీ పాట. చెట్లకు నంబర్లు వేసి లెక్క రాసుకునేవారు. చెట్టు కుండెడు ఇచ్చినా, చెంబెడు ఇచ్చినా పన్ను మారదు. అందుకే గీసేవాడు బలమైన చెట్లనే ఏరుకునేవాడు. దుకాణం పాడుకున్నవాడిదీ అదే తంటా. పాట మొత్తం ముందే ఖాయమైపోయింది, ఇక ఏడాది పొడవునా అమ్మే ప్రతి ముంతా ఆ మొత్తాన్ని పూడ్చడానికే. పాట ఎంత పైకి పోతే కల్లులో అన్ని నీళ్లు పడతాయి, అంతమందికి అరువు పుడుతుంది, దుకాణం అంత పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది. ముందే కట్టిన డబ్బు తాగేవాడి చేతే కాదు, అమ్మేవాడి చేత కూడా ఎక్కువ పోయిస్తుంది. ఇది ఓడలో కనిపించని కోణం. ఎందుకంటే అక్కడ ముందు కట్టేది తాగేవాడు. ఇక్కడ దుకాణదారు కట్టి, ఆ భారాన్ని కూలివాడి గొంతులోకి దించేవాడు.

ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీకి పెద్ద రాబడుల్లో అబ్కారీ ఒకటి. అందుకే సహాయ నిరాకరణ రోజుల్లో కల్లు దుకాణాల ముందు, పాటల దగ్గర కాంగ్రెస్ వాళ్ల పికెటింగులు సర్కారుకు నేరుగా తగిలాయి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగి, గాంధీ వచ్చి వెళ్లాక కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ ఊపు ఊళ్లకు పాకింది. పాట పాడేవాడే లేకపోతే గుత్త అనేదే నిలవదు.

తర్వాతి మలుపు ఇంకా విచిత్రం. 1937లో రాజాజీ సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్య నిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. లక్షల చేతులకు గీత పని పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమని చెప్పింది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ఒప్పుకోలేదు. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న పోరాడాడు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వాన్ని కూల్చింది, చాలామంది అనుకున్నట్టు రాజధాని తగువు కాదు, కల్లు లొట్టి.

1960ల చివర నిషేధం సడలాక వచ్చిన సారా పాటలు ఇంకో మెట్టు పైకి వెళ్లాయి. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్లాస్టిక్ సంచుల్లో నింపడం మొదలుపెట్టింది. కుండ, ముంత, కొలత అన్నీ పోయి చిన్న ప్యాకెట్టు వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని పొలం గట్టు దాకా, ఇంటి గుమ్మం దాకా తెచ్చి ఇవ్వొచ్చు. కాంట్రాక్టరు ముందే సర్కారుకు కట్టేశాడు, కూలివాడు అరువు మీద తాగాడు. కూలి డబ్బు ఇల్లు చేరకముందే సారా కొట్టు పద్దులో చేరిపోయేది. ప్యాకేజీకి ఇది తిరగేసిన అద్దం: ముందు తాగి తర్వాత కట్టడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కొట్టు మూయించి మొదలుపెట్టిన పోరు పాటలనే ఆపేసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషిద్ధం. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది.

గుత్త పద్ధతిలో ఎవరు నష్టపోతారో డెల్టా రైతును అడిగితే మద్యం ఊసు ఎత్తకుండానే చెబుతాడు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీటికి సర్కారు వేసిన పన్ను ఎకరం లెక్కన, నీటి కొలత లెక్కన కాదు. 1996లో సవరించిన రేట్లలో కూడా మొదటి వరి పంటకు ఎకరాకు 200 రూపాయలు అంటే 200 రూపాయలే. కాలవ మొదట్లో ఉన్న చేలు మోకాలి లోతు తాగుతాయి. బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు శివారు రైతు నారుమడి దగ్గర కూర్చుని కాలవలోకి చూస్తుంటాడు. ఇద్దరిదీ ఒకటే పన్ను.

ఇంత చెప్పాక గుత్త అంటేనే మోసమని తీర్మానిస్తే విజయవాడ ఊరుకోదు. ఆ ఊరి హోటళ్లలో ‘ఫుల్ మీల్స్’ అనేది ఇదే సూత్రం మీద దశాబ్దాలుగా నడుస్తోంది. పక్కనే ‘ప్లేట్ మీల్స్’ ఉంటుంది, ధర తక్కువ, మారు వడ్డన ఉండదు. ఆకలి సంగతి ఎవరికి వారికి తెలుసు కాబట్టి టోకెన్ కొనేవాడు పెద్దగా మోసపోడు. హోటల్‌వాడికీ భయం లేదు. అన్నం, పప్పు, సాంబారు ఎన్నిసార్లు అడిగినా వేస్తాడు, పొట్ట తనంతట తానే గీత గీస్తుంది. ఆ కిటుకు ఓడ మీద కూడా ఉంది: మంచినీళ్లు, మామూలు టీ, కాఫీ, నిమ్మరసం చాలా ఓడల్లో టికెట్ ధరలోనే కలిసి ఉంటాయి. మామూలుగా తాగేవాడికి అవి చాలవు, తాగనివాడికి ప్యాకేజీ అక్కర్లేదు. లెక్క నిజంగా నప్పేది రోజూ పొద్దున్నుంచి గ్లాసు వదలని ఏ కొద్దిమందికో. మిగతావాళ్లు మొదటి రోజు బిల్లు చూసుకుని, ఆ అంకెను ప్రయాణపు రోజులతో హెచ్చవేస్తే సరిపోతుంది.

గుత్తల్లో చాలా పెద్దదొకటి మాత్రం ఈ మధ్యే, 2024 అక్టోబరులో జరిగింది. అయిదేళ్లు ప్రభుత్వమే నడిపిన మద్యం దుకాణాలను ఆంధ్రప్రదేశ్ మళ్లీ ప్రైవేటుకిచ్చింది. పాట లేదు, లాటరీ. దుకాణాలు 3,396. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, దుకాణం వచ్చినా రాకపోయినా తిరిగివ్వరు. వచ్చిన దరఖాస్తులు 89,882. ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు 1,797 కోట్లు జమయ్యాయి. అక్టోబరు 14న జిల్లాల్లో కలెక్టర్ల సమక్షంలో లాటరీ తీశారు, 16 నుంచి కొత్త షాపులు తెరుచుకున్నాయి. పేరు వచ్చినవాళ్లు ఊరి జనాభాను బట్టి 50 లక్షల నుంచి 85 లక్షల దాకా ఏడాది లైసెన్సు రుసుము కట్టడానికి బ్యాంకుల వైపు నడిచారు. మిగతా 86,486 దరఖాస్తుల తాలూకు రెండేసి లక్షలు ఖజానాలోనే ఉండిపోయాయి.