ఆస్ట్రేలియా సమాఖ్య పార్లమెంటరీ ప్రభుత్వము

ఆస్ట్రేలియా సమాఖ్య పార్లమెంటరీ ప్రభుత్వమనగా, లిఖిత రాజ్యాంగము ద్వారా అధికారములను కేంద్రమునకును ఆరు రాష్ట్రములకును విభజించి, మంత్రివర్గమును ప్రజాప్రతినిధుల సభకు బాధ్యత వహించునట్లు చేసిన పరిపాలనా విధానము. పూర్వము వేర్వేరు బ్రిటిషు వలసలుగానున్న న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా, టాస్మేనియాలు 1901 జనవరి 1వ తేదీన సమాఖ్యగా ఏర్పడుటతో ఇది అమలులోనికి వచ్చెను. మంత్రివర్గ బాధ్యత బ్రిటన్ సంప్రదాయమునుండియు, రాష్ట్రములకు సమప్రాతినిధ్యముగల సెనేటు అమెరికా రాజ్యాంగమునుండియు గ్రహింపబడినవి.

రాజప్రతినిధియగు గవర్నర్ జనరల్, 3 సంవత్సరముల కాలపరిమితిగల ప్రతినిధుల సభయందు అధికసంఖ్యాకుల విశ్వాసము పొందిన నాయకుని ప్రధానమంత్రిగా నియమించును. 76 మంది సభ్యులుగల సెనేటునకు, జనసంఖ్యతో నిమిత్తము లేక, ప్రతి రాష్ట్రమును 12 మందిని, రెండు కేంద్రపాలిత ప్రాంతములు చెరి ఇద్దరిని ఎన్నుకొనును. పన్నుల బిల్లులను సెనేటు ప్రవేశపెట్టుటకుగాని సవరించుటకుగాని వీలులేదు; తిరస్కరించుటకు మాత్రము అధికారము కలదు. 1975లో సెనేటు వ్యయానుమతిని నిలిపివేయగా ఏర్పడిన ప్రతిష్టంభనయందు, నవంబరు 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధానమంత్రి గాఫ్ విట్లమ్‌ను తొలగించెను.

రక్షణ, విదేశ వ్యవహారములు, ద్రవ్యము మొదలగునవి 51వ అధికరణమున కేంద్రాధికారములుగా పేర్కొనబడగా, మిగిలిన అధికారములు రాష్ట్రములకు చెందును. ఉభయుల శాసనములకు వైరుధ్యము కలిగినచో, 109వ అధికరణము ననుసరించి కేంద్రశాసనమే చెల్లును. అట్టి వివాదములను 1903లో స్థాపితమైన హైకోర్టు పరిష్కరించును. రాజ్యాంగ సవరణమునకు 128వ అధికరణము ప్రకారము దేశమంతటి ఓటర్లలో ఆధిక్యమును, కనీసము నాలుగు రాష్ట్రములలో ఆధిక్యమును ఆవశ్యకములు. 1901 నుండి 2023 వరకు ప్రజలముందుంచబడిన 45 ప్రతిపాదనలలో 8 మాత్రమే ఆమోదము పొందినవి.