రేడియో, కంప్యూటర్ మాట కలిపిన కథ



పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు పొంది, సొంత రేడియోతో దేశదేశాల వాళ్లతో మాట్లాడేవాళ్లను హామ్‌లు అంటారు. ఈ అభిరుచిని పెంచడానికి హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. ఆ దశకంలోనే జపాను కంపెనీలు రేడియో వెనక కంప్యూటర్ కోసం ఒక సాకెట్ పెట్టడం మొదలుపెట్టాయి. ఇంజనీరుగా నన్ను బాగా ఆకట్టుకున్న చరిత్ర ఇది.

అంతకుముందు అంతా చేతిపనే. నాబ్ తిప్పి స్టేషన్ పట్టుకోవాలి, ఫ్రీక్వెన్సీ, టైము లాగ్ పుస్తకంలో రాసుకోవాలి. యాయెసు కంపెనీ తన పద్ధతికి 'క్యాట్' అని పేరు పెట్టింది. కంప్యూటర్ ఎయిడెడ్ ట్రాన్సీవర్ అని దాని అర్థం. ఐకామ్ వారి 'సీఐ-ఫైవ్'లో ఒకే తీగ మీద చాలా రేడియోలు ఉండవచ్చు. ఇళ్లకు డోర్ నంబర్లున్నట్టు ఒక్కోదానికి ఒక్కో అడ్రసు. కెన్‌వుడ్ ఆదేశాలు మనిషి చదవగలిగేలా ఉంటాయి. 'ఎఫ్ఏ' అక్షరాలు, 00014200000 అంకెలు, చివర సెమికోలన్ పంపితే రేడియో 14.200 మెగాహెర్ట్జ్‌కు వెళ్తుంది.

చిక్కు వోల్టేజీ దగ్గర వచ్చింది. కంప్యూటర్ సీరియల్ పోర్టులో వోల్టేజీ ప్లస్, మైనస్ రెండు వైపులా ఊగుతుంది. ఐకామ్ తీగ మీద ఉండేది 0 నుంచి 5 వోల్టులే. మధ్యలో మ్యాక్స్ 232 వంటి ఐసీతో చిన్న కన్వర్టర్ కావాలి. చాలామంది హామ్‌లు దాన్ని ఇంట్లోనే టంకం వేసి చేసుకున్నారు. 2016లో వచ్చిన ఐకామ్ ఐసీ-7300కు ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు, ఆదేశాలూ ధ్వనీ రెండూ అందులోనే వెళ్తాయి.

తయారీదారులు ఆ ఆదేశాలను మాన్యువల్‌లోనే అచ్చువేయడం పెద్ద మేలు చేసింది. ప్రోగ్రాం రాయడం వచ్చిన ప్రతివాడికీ దారి దొరికింది. 2000లో మొదలైన 'హామ్‌లిబ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ భాషలన్నిటికీ దుబాసీ అయింది. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్‌తో కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో కూడా కంప్యూటర్ రేడియోను నడిపేది సాధారణంగా హామ్‌లిబ్ ద్వారానే.

అపార్టుమెంటులో యాంటెన్నా కట్టలేనివాళ్లు రేడియోను ఊళ్లో ఉంచి, నగరం నుంచి ఇంటర్నెట్‌తో నడపడం ఇప్పుడు సాధ్యమే. అనుమతుల సంగతి ముందుగా చూసుకోవాలి. అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ప్రసారం మొదలుపెట్టమని ఆదేశం వెళ్లాక నెట్ తెగిపోతే? ఆపమన్న మాట రేడియోకు చేరదు. అది ప్రసారం చేస్తూనే వేడెక్కుతుంది, ఇతరుల దారికీ అడ్డుపడుతుంది. అందుకే నిర్ణీత సమయం దాటితే ప్రసారం ఆపే టైమర్ రేడియోలోనే ఉండాలి. కరెంటు తీసేయడానికి వేరే దారి ఒకటి ఉండాలి. దూరం నుంచి నడిపే యంత్రం ఏదైనా, ఆపే ఏర్పాటు చూశాకే స్విచ్ వేయాలి.

మన బడి కంప్యూటర్ ల్యాబ్‌లో, లైసెన్సున్న హామ్‌ను పిలిచి, పిల్లలకు ఇది ఒక్కసారి చూపిద్దామని నా మనవి. తాను టైపు చేసిన అంకెలకు ఎదురుగా ఉన్న రేడియో కదిలితే, ఆ పిల్లకు ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.