పుల్ల, పొడి, పళ్ళ డాక్టరు: అనంతపురం నోటి చరిత్ర

అనంతపురం పల్లెల్లో నలభై దాటిన మనిషి నోరారా నవ్వితే, చిన్నప్పుడు ఆయన ఏ నీళ్ళు తాగాడో కొంతవరకు చెప్పొచ్చు. పాలపళ్ళు ఊడాక వచ్చే పళ్ళ పైపొర, డాక్టర్లు ఎనామిల్ అనేది, జ్ఞానదంతాలను పక్కన పెడితే ఎనిమిదేళ్ళ వయసు లోపే చిగురు లోపల తయారైపోతుంది. ఆ ఏళ్ళలో తాగిన నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుంటే పన్ను సుద్ద మచ్చలతోనే బయటికొస్తుంది. పోనుపోను ఆ మచ్చలు పసుపుకో గోధుమ రంగుకో తిరుగుతాయి. ఆపైన ఎంత తోమినా వదలవు. ఇక్కడి పెద్దవాళ్ళు దంతవైద్యుడి గడప ఎందుకు తొక్కరో తెలుసుకోవాలంటే ఈ నీళ్ళ కథ చూడాలి, అంతకన్నా వెనక్కి వేపపుల్ల దాకా పోవాలి. అశ్రద్ధ అనేసి చేతులు దులుపుకోవడం తేలికే గానీ, చరిత్ర ఆ మాటకు సాక్ష్యం పలకదు. (అనంతపురం అని నేననేది 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా విడిపోక ముందున్న పాత జిల్లాను.)

పొద్దున నోరు కడగందే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని అలవాటు ఈ సీమలో పాతది. వేప, కానుగ, ఉత్తరేణి వేరు, ఏదీ దొరక్కపోతే బీడులో తంగేడు. వానలు మొహం చాటేసిన ఏడు కూడా తంగేడు పచ్చగానే ఉంటుంది కాబట్టి దానికి కరువు లేదు. చిటికెన వేలి లావు, జానెడు పొడవున్న పుల్ల విరిచి, బెరడు కొంత ఒలిచి, కొసను దవడ పళ్ళ కింద నలగ్గొట్టి కుంచెలా చేస్తారు. రచ్చకట్ట మీద కూర్చుని ఊరి సంగతులన్నీ అయ్యేదాకా నములుతూ రుద్దుతారు. పని ముగిశాక అదే పుల్లను నిలువునా రెండుగా చీల్చి, బద్దను వంచి నాలుక గీసుకుంటారు. ఇప్పుడు మందుల షాపులో విడిగా కొనుక్కునే నాలుక బద్ద ఆ పుల్లలోనే ఉండేది. తంగేడు బెరడు తోళ్ళు ఊనడానికి వాడిన సరుకు. ఆ వగరే చిగుళ్ళను బిగిస్తుందని జనం నమ్మకం. పుల్లతో తోముకోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ఆమోదించింది కూడా.

పుల్లకు హద్దులున్నాయి. ముందు పళ్ళ బయటి వైపు అది చేసే పని లోపలి వైపు చేయలేదు, దవడ పళ్ళ సందుల్లోకి అసలే పోదు. రాత్రి తోముకోవడమనేది ఎవరి ఊహలోనూ లేదు. అయినా నడిచిపోయిందంటే కారణం తిండి. రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం, ఊరబిండి తినే ఇంట్లో చక్కెర పండక్కి మాత్రమే కనిపించేది. పళ్ళను పుచ్చబెట్టే సూక్ష్మజీవులకు కావలసింది చక్కెర. అది రోజుకు ఐదారు సార్లు నోట్లో పడితేనే వాటికి పండగ. గ్లాసుడు టీ, జేబులో బిస్కెట్ పొట్లం వచ్చేదాకా పాత అలవాటు లోపం పెద్దగా బయటపడలేదు.

పొడుల సంగతి వేరు. కచ్చిక బూడిద, బొగ్గు, ఉప్పు, కొన్ని ఇళ్ళలో ఇటుక పొడి. ఇవి శుభ్రం చేస్తాయనడంలో అబద్ధం లేదు, పన్నును కూడా అరగదీస్తాయన్నది దాని పక్కనే ఉన్న నిజం. చూపుడు వేలితో అడ్డంగా పరపరా రుద్దగా రుద్దగా చిగురు దగ్గర పన్ను గాడి పడుతుంది. అరవై దాటిన వాళ్ళు చల్లటి నీళ్ళు పుక్కిలిస్తే జివ్వుమంటోందని చెప్పేది చాలాసార్లు ఆ గాడి గురించే. తర్వాత కోతి మార్కు నల్ల పళ్ళపొడి, వీకో వజ్రదంతి లాంటివి అంగళ్ళలోకి వచ్చాయి. కోల్గేట్ కంపెనీ ఇండియాలో 1937లో అడుగుపెట్టింది. పేస్టు, బ్రష్షు మాత్రం చాలాకాలం టీచర్ల ఇళ్ళకు, బ్యాంకు ఉద్యోగుల ఇళ్ళకు పరిమితమైన వస్తువులు. చిన్న ట్యూబులు వచ్చాకే పల్లె అంగట్లో దండ కట్టి వేలాడదీయడం మొదలైంది. బ్రష్షు కొన్నారు గానీ మార్చరు. కుచ్చు నాలుగు దిక్కులా విచ్చుకుని, ఆఖరికి దువ్వెన శుభ్రం చేసుకోవడానికి వాడేదాకా అదే బ్రష్షు.

1937కు ఇంకో ప్రాముఖ్యం ఉంది. అదే ఏడాది షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడు వల్ల మనుషుల ఎముకలు, పళ్ళు పాడవుతున్న సంగతిని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు చరిత్ర ఆ తెలుగు పల్లెలతో మొదలవుతుంది. అంతకుముందే అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్ళో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో ప్రాక్టీసు పెట్టి, ఊరి జనం పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు చూసి ముప్పై ఏళ్ళు దాని వెంట పడ్డాడు. మచ్చలకు కారణం ఫ్లోరైడేనని 1931లో తేలింది. ఆ మచ్చల పళ్ళు తక్కువగా పుచ్చుతున్నాయని కూడా తేలింది. దాంతో 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం కొళాయి నీళ్ళలో కావాలని ఫ్లోరైడు కలిపింది. వాళ్ళు కొలిచి కలుపుకున్నదాన్ని మనం తీసెయ్యలేక అవస్థ పడ్డాం.

అనంతపురానికి ఈ బెడద లోతుకు పోయేకొద్దీ ముదిరింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన, కింద గ్రానైటు రాయి, కాల్షియం తక్కువగా క్షారం ఎక్కువగా ఉన్న భూగర్భజలం: రాతిలోని ఫ్లోరైడు కరిగి నీళ్ళలోకి రావడానికి ఇంతకన్నా అనువైన చోటుండదు. చెరువు నీళ్ళు, దిగుడుబావి నీళ్ళు తాగినన్నాళ్ళు కొంత నయం. బావులు ఎండి, చేతిపంపులు, బోర్లు వచ్చి, నూర్ల అడుగులు దిగాక మనిషికి అందింది రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నానిన నీళ్ళు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. ఎండలో చేను పని చేసే మనిషి చల్లటి దేశాల మనిషి కంటే రెండింతలు నీళ్ళు తాగుతాడు కాబట్టి, అదే నీళ్ళు ఇక్కడ ఎక్కువ మోతాదవుతాయి.

పళ్ళ డాక్టరు విషయంలో ఈ నీళ్ళు చేసిన పని చిత్రమైనది. మొదటిది, ఊరి భాషలో ఈ మచ్చలూ గారే, చిగుళ్ళ దగ్గర పేరుకునే పాచి గట్టిపడితే అదీ గారే. రెండోదాన్ని డాక్టరు గీకి తీసేయగలడు, మొదటిది పన్ను ఒంట్లోనే ఉంది. రోజూ తోమినా, ఇటుక పొడి వేసి రుద్దినా, పెళ్ళిచూపుల ముందు బ్లేడుతో గీకినా తేడా లేనప్పుడు, తోమడం వల్ల ఏం లాభమనే నిర్ణయానికి రావడం సహజం. రెండోది, ఫ్లోరైడు మరీ ముదరని చోట పళ్ళు త్వరగా పుచ్చవు. పుచ్చకపోతే నొప్పి లేదు. నొప్పి లేకపోతే డాక్టరు లేడు. ఒక తరం మొత్తం చూడ్డానికి బాగాలేని, నొప్పి పెట్టని పళ్ళతో పెరిగింది. ఈ జిల్లాలో దంతవైద్యుడి ఖాళీ కుర్చీకి నేను చెప్పగలిగిన కారణాల్లో ఇదే పెద్దది.

మరి నొప్పి వచ్చినవాళ్ళు ఎక్కడికి పోయేవాళ్ళు? లవంగం అదిమేవాళ్ళు, పొగాకు కాడ నొక్కిపెట్టేవాళ్ళు. నేలములక గింజల పొగ నోటికి పట్టి పన్నులోని పురుగును రాలుస్తామనేవాళ్ళు సంతల్లో ఉండేవాళ్ళు. పంటిపురుగును మనమే కనిపెట్టలేదు, బాబిలోనియా నుంచి యూరప్ దాకా అందరూ నమ్మారు. ఫ్రాన్సులో పియెర్ ఫోషార్ 1728లో తన దంతవైద్య గ్రంథంలో కొట్టిపారేసేదాకా అక్కడి వైద్యులకూ అదే శాస్త్రం. చదువుకున్న దంతవైద్యం మన దేశంలో 1920లో ఆర్. అహ్మద్ కలకత్తాలో పెట్టిన కాలేజీతో మొదలైంది. 1948 దంతవైద్యుల చట్టం వచ్చినప్పుడు డిగ్రీ ఉన్నవాళ్ళను ‘ఎ’ పట్టికలో, డిగ్రీ లేకుండా అప్పటికే ఏళ్ళ తరబడి వృత్తి చేస్తున్నవాళ్ళను ‘బి’ పట్టికలో నమోదు చేశారు. పేవ్‌మెంట్ మీద గాజు పెట్టెలో కట్టుడు పళ్ళు పేర్చుకుని కూర్చున్నవాళ్ళు అంత త్వరగా పోరని చట్టం రాసినవాళ్ళకూ తెలుసు. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య విభాగం 1959లో మొదలైంది. రాయలసీమకు కర్నూలు, తిరుపతి, కడపల్లో కాలేజీలు రావడానికి ఇంకో తరానికి పైనే పట్టింది. ఈలోగా హిందూపురం, మడకశిర వాళ్ళకు బెంగళూరు, రాయదుర్గం వాళ్ళకు బళ్ళారి. దూరం పోయి చూపించుకునేవాడు ఒక్క ప్రయాణంలో తేలిపోయే పనే అడుగుతాడు. అంటే పీకడమే.

ప్రభుత్వ పథకాలు కొత్తగా పుట్టినప్పుడు ఈ జిల్లాను మరిచిపోయింది లేదు. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదటి విడతలో వచ్చిన మూడు జిల్లాల్లో ఇదొకటి. గుండె ఆపరేషన్, క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకునే వీలు పేదకు అప్పుడే దక్కింది. కానీ పుచ్చిన పన్నుకు సిమెంటు పెట్టించుకోవడం, గార తీయించుకోవడం ఆరోగ్యశ్రీ కార్డు పరిధిలోకి రాలేదు. ఆకువక్క, పొగాకు, గుట్కా నమిలే నోట్లో తెల్లటి మచ్చ లేచినప్పుడు చూసి హెచ్చరించాల్సిన మనిషి దంతవైద్యుడు. ఆ చూపుకు కార్డు పనికిరాదు, మచ్చ ముదిరి క్యాన్సరయ్యాక పనికొస్తుంది. ప్రాణాలు నిలబెట్టిన పథకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు గానీ, ఈ తలకిందుల లెక్క మాత్రం మింగుడుపడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, నోటి క్యాన్సర్ కోసం ఎప్పుడైనా నోరు చూపించుకున్నామని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒకరు, అటూ ఇటుగా.

అనంతపురం పళ్ళకు నిజంగా మేలు చేసింది డాక్టర్లు కాదు, పైపులు. 1990ల నడుమ శ్రీ సత్యసాయి మంచినీటి పథకం 731 గ్రామాలకు నీళ్ళు పంపింది. దాని మీద తపాలా శాఖ 1999 నవంబరు 23న స్టాంపు కూడా వేసింది. పెన్నా, తుంగభద్ర కాలువల నుంచి వచ్చే నీళ్ళు బోరు నీళ్ళ లాంటివి కావు. ఆ నీళ్ళు సరిగ్గా అందిన ఊళ్ళో పథకం తర్వాత పుట్టిన పిల్లల పళ్ళను, వాళ్ళ అమ్మానాన్నల పళ్ళను పక్కపక్కన పెట్టి చూడాలి. మోటారు కాలిపోయి, పైపు పగిలి, మళ్ళీ చేతిపంపు దగ్గరికి పోయిన ఊళ్ళో ఆ తేడా అంతగా ఉండదు.

అయితే మచ్చలు తగ్గే కాలానికే నోటికి కొత్త శత్రువు వచ్చింది. 1983లో రెండు రూపాయల బియ్యం, దానికి ముందూ వెనకా వేరుశెనగ సాగు పెరిగి రాగి, కొర్ర చేలు తగ్గడం, ఊరూరా టీ అంగడి, పిల్లల చేతిలో చాక్లెట్. 2002–03 జాతీయ నోటి ఆరోగ్య సర్వే లెక్కలో 35–44 ఏళ్ళ వయసు వాళ్ళలో నూటికి 80 మందికి పుచ్చు పళ్ళున్నాయి. పుల్ల ఒక్కటే సరిపోయిన తిండి పోయింది, రాత్రి బ్రష్షు మాత్రం ఇంకా ఇంటికి రాలేదు.

ఆరు నెలలకోసారి డాక్టరు దగ్గరికి పోవాలన్న సూత్రం గురించి కూడా ఒక మాట. అది జనం నోళ్ళలో నానడానికి పేస్టు కంపెనీల ప్రచారమే ఎక్కువ తోడ్పడింది. అమెరికాలో 1929 నుంచి రేడియో కార్యక్రమాల వెనకున్న పెప్సొడెంట్ అందులో ముందువరస. దానికి శాస్త్రీయ ఆధారం ఏదని 1977లో లాన్సెట్ పత్రికలో ఆబ్రీ షైహమ్ అడిగాడు. బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ 2004లో పెద్దవాళ్ళకు వాళ్ళ వాళ్ళ నోటి పరిస్థితిని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా ఎంతైనా ఉండొచ్చని తేల్చింది. ఈ లెక్కన కళ్యాణదుర్గం రైతును ఆరు నెలలకోసారి రాలేదని తప్పుపట్టడం అన్యాయం. రెండేళ్ళకోసారి, నొప్పి లేనప్పుడు వస్తే చాలా మేలు. ఆకువక్క, గుట్కా అలవాటున్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు మాత్రం ఇంకా తొందరగా రావాలి.

ఇప్పుడు అనంతపురం సాయినగర్‌లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ బస్టాండు పక్కన డెంటల్ క్లినిక్కు బోర్డు కనిపిస్తుంది. లోపల జరిగే మాటలు మాత్రం పాతవే.

“పీకెయ్ నాయనా, మళ్ళీ మళ్ళీ రాలేను.”

“పీకే పన్లేదవ్వా, నరం తీసి మూత పెడితే పన్ను నిలుస్తాది. మూడు సార్లు రావాల.”

“మూడు సార్లా? కూలి ఎవురిస్తారు సామీ?”

ఇంకొందరికి భయాలు. పైపన్ను పీకితే చూపు పోతుందని, గార తీయిస్తే పళ్ళు కదులుతాయని. మొదటిది ఉత్త మాట. రెండోదానికి మాత్రం ఒక మూలం ఉంది: ఏళ్ళ తరబడి చిగురు దిగిపోయి, వదులైన పళ్ళను గారే గోడలా పట్టి ఉంచుతుంది, అది తీయగానే సందులు బయటపడి, ఉన్న వదులు నాలుకకు తెలుస్తుంది. ఈ సంగతి గార తీసే ముందే చెప్పే డాక్టరు దగ్గరికి రోగి మళ్ళీ వస్తాడు. తీసిన తర్వాత చెబితే సాకు కిందే లెక్క.

అవ్వ మొదటి సిట్టింగుకు ఒప్పుకుంటే నొప్పి ఆ రాత్రికో మర్నాటికో తగ్గుతుంది. తగ్గింది కాబట్టి రెండోసారి రాదు. లోపల పెట్టిన తాత్కాలిక మందు కొన్ని వారాలకు ఊడిపోతుంది, నరం తీసి డొల్ల చేసిన పన్ను ఏ చెరుకు ముక్క కొరికేటప్పుడో నిలువునా చీలుతుంది. ఆరేడు నెలల తర్వాత బుగ్గ వాచి వచ్చినప్పుడు ఆ డాక్టరు దగ్గర మిగిలిన పని అవ్వ మొదట అడిగిందే.