ఎన్టీఆర్ స్మారక నాణెం

నటుడు, ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తెచ్చిన 100 రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీన్ని విడుదల చేశారు. ముద్రణ హైదరాబాద్ టంకశాలలో జరిగింది.

నాణెం అడ్డకొలత 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. అరచేతిలో పెట్టుకుంటే చిల్లర నాణెంలా కాక పతకంలా తోస్తుంది. ఇందులో సగం వెండి, 40 శాతం రాగి. మిగిలినది నికెల్, జింకు చెరి 5 శాతం. అంచు చుట్టూ సన్నని గాట్లుంటాయి. ఒకవైపు అశోక స్తంభంపై సింహాలు, రూపాయి గుర్తు, విలువ. రెండోవైపు రామారావు ముఖచిత్రం, 1923-2023 సంవత్సరాలు. పేరు మాత్రం నాగరి లిపిలో ఉంది. తెలుగువారి ఆత్మగౌరవం నినాదంతో గెలిచిన నాయకుడి నాణెంపై ఇది కాస్త విచిత్రమే.

చట్టప్రకారం చెల్లే నాణెమే అయినా ఇది సంతకు వెళ్లే డబ్బు కాదు. టంకశాల దీన్ని ముఖవిలువకు ఎన్నో రెట్ల ధరకు, పెట్టెలో పెట్టి, సేకర్తలకు అమ్మింది.

రామారావు పుట్టింది కృష్ణా డెల్టాలోని నిమ్మకూరులో, 1923 మే 28న. కాలేజీ చదువు కొంత విజయవాడలో సాగింది. 2022లో విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది గానీ, నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టాలని రాష్ట్ర శాసనసభ 2017లోనే తీర్మానించింది.